రక్తం పాలలా మారితే తప్పు నూనెదేనా?

పరీక్ష కోసం తీసిన రక్తాన్ని ల్యాబులో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగిపోతాయి. పైన తేరుకునేది సీరం. మామూలుగా అది లేత పసుపు రంగులో, తేటగా ఉంటుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం టెక్నీషియన్ చేతికి పాలు పోసినట్టున్న ట్యూబు వస్తుంది. దాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దున్నకి పైన మీగడ కూడా కడుతుంది. ఇది మాటవరసకి చెబుతున్నది కాదు. నిజంగానే కొవ్వు తేలి మీగడలా పేరుకుంటుంది.

అలాంటి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ అనే వరస దగ్గర అంకె వెయ్యి దాటి ఉండొచ్చు. ఉండాల్సింది 150 లోపు. రిపోర్టు ఇంటికి రాగానే తీర్పు కూడా వచ్చేస్తుంది. ‘‘ఏవండీ, క్యాంటీన్‌లో బజ్జీలు మానలేదు కదూ?’’ అని ఒకరు, ‘‘నోరు కట్టుకోరా అంటే వింటేగా’’ అని ఇంకొకరు. నూనె సీసా వంటింటి అరలో వెనక్కి పోతుంది. నెయ్యి డబ్బాకి తాళం పడుతుంది.

చాలామంది విషయంలో ఈ తీర్పులో కొంత న్యాయం ఉంది. కానీ కొద్దిమంది విషయంలో అసలు దొంగ ప్లేటులో ఉండడు. వాళ్ల ఒంట్లోనే, వాళ్లను కాపాడటానికని తయారైన యాంటీబాడీల్లో ఉంటాడు. ఈ వారం కథ ఆ ఇంటిదొంగ గురించి. నేను డాక్టర్ని కాదు, సర్వర్ లాగ్‌లు చదివి బతికేవాణ్ణి. అందుకే దీన్ని నాకు తెలిసిన దారిలో, అంటే డెలివరీ వ్యవస్థ ఎక్కడ ఆగిపోయిందో వెతికే పద్ధతిలో చెబుతాను.

కొవ్వు బండి ఎలా నడుస్తుంది?

నూనె నీళ్లలో కలవదు. రక్తంలో ఎక్కువ భాగం నీరే. మరి తిన్న కొవ్వు ఒంట్లో ఊరంతా ఎలా తిరుగుతుంది? దానికోసం శరీరం చిన్న చిన్న బండ్లు కట్టింది. వాటి పేరు లైపోప్రొటీన్లు. లోపల కొవ్వు సరుకు, చుట్టూ నీళ్లతో సర్దుకుపోయే పొర, పైన చిరునామా చీటీల్లాంటి ప్రొటీన్లు. పేగు దగ్గర బయల్దేరే పెద్ద బండ్లు కైలోమైక్రాన్లు. కాలేయం పంపేవి వీఎల్‌డీఎల్ బండ్లు. మనకు బాగా తెలిసిన ఎల్‌డీఎల్ ఏమిటంటే, ఆ వీఎల్‌డీఎల్ సరుకు దించేశాక చివరికి మిగిలే చిన్న బండి.

సరుకు దించే చోటు సన్నని రక్తనాళాల లోపలి గోడ. కండరానికి శక్తి కావాలి, కొవ్వు కణానికి నిల్వ కావాలి. కానీ ట్రైగ్లిజరైడ్ మూట అలాగే గోడ దాటలేదు. దాన్ని ముక్కలు చేసే ఎంజైము ఒకటుంది. పేరు లైపోప్రొటీన్ లైపేజ్. పొడవు పేరు కాబట్టి ఎల్‌పీఎల్ అనుకుందాం. ఇది లేకపోతే బండ్లు సరుకుతో సహా రక్తంలోనే తిరుగుతుంటాయి. ట్రాఫిక్ జామ్ అయి, రక్తం పాలలా మారుతుంది.

ఈ ఎంజైము దొరికిన కథ కూడా చిత్రమైనదే. 1943లో పాల్ హాన్ అనే శాస్త్రవేత్త, కొవ్వు తిన్నాక పాలలా మారిన కుక్కల రక్తం హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వగానే తేటపడటం గమనించాడు. హెపారిన్ అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. దానికీ కొవ్వుకీ ఏమిటి సంబంధం? గోడకు అంటుకుని ఉన్న ఎంజైమును హెపారిన్ ఊడదీసి రక్తంలోకి వదిలిందన్నమాట. 1955లో ఎడ్వర్డ్ కార్న్ దానికి లైపోప్రొటీన్ లైపేజ్ అని పేరు పెట్టాడు.

ఇక్కడ ఒక చిక్కుముడి చాలాకాలం విడలేదు. ఎల్‌పీఎల్ తయారయ్యేది కండరాల్లో, కొవ్వు కణాల్లో. అంటే రక్తనాళం బయట. పని చేయాల్సింది రక్తనాళం లోపల. మధ్యలో గోడ. దాన్ని లోపలికి ఎవరు తీసుకొస్తున్నారు? 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ యంగ్ బృందం, ఒకానొక ప్రొటీన్ లేని ఎలుకల రక్తం మామూలు తిండికే పాలలా మారడం చూసింది. ఆ ప్రొటీన్ పేరు జీపీఐహెచ్‌బీపీ1. పేరు చూస్తే మా ఆఫీసులో ఎవరో తొందరలో పెట్టిన వేరియబుల్ పేరులా ఉంటుంది గానీ, చేసే పని చాలా గొప్పది. గోడకు బయట ఉన్న ఎల్‌పీఎల్‌ను పట్టుకుని గోడ దాటించి, లోపలివైపు కట్టి నిలబెడుతుంది. గేటెడ్ కమ్యూనిటీలో లోపల ఉన్న హమాలీని గేటు దాకా తీసుకొచ్చి లారీ దగ్గర నిలబెట్టే వాచ్‌మన్ లాంటిది. హమాలీ ఎంత బలవంతుడైనా వాచ్‌మన్ గేటు తీయకపోతే సరుకు దిగదు.

ఇంతవరకూ అర్థమైతే మిగతాది తేలిక. ఈ వరసలో ఎక్కడ యాంటీబాడీ అడ్డుపడినా బండి ఆగుతుంది.

కంచే చేను మేస్తే

యాంటీబాడీలు మన రక్తంలోని సైనికులు. ఇంగ్లిషు వై అక్షరం ఆకారంలో ఉంటాయి. రెండు చేతులతో శత్రువును పట్టుకుంటాయి. ఒక్కో యాంటీబాడీ ఒక్కో గుర్తును మాత్రమే పట్టుకుంటుంది. వీటిని తయారు చేసేవి ప్లాస్మా కణాలు.

ఈ ఏర్పాటు రెండు రకాలుగా చెడుతుంది. మొదటిది, గుర్తుపట్టడంలో పొరపాటు. బయటి క్రిమిని పట్టుకోవాల్సిన యాంటీబాడీ సొంత ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. లూపస్, షోగ్రెన్, కొన్ని రకాల థైరాయిడ్ జబ్బుల్లో జరిగేది ఇదే. రెండోది, సంఖ్యలో పొరపాటు. ఒకే ఒక్క ప్లాస్మా కణం అదుపు తప్పి తన నకళ్లను తానే తీసుకుంటూ పోతుంది. అవన్నీ అచ్చంగా ఒకే యాంటీబాడీని కుమ్మరిస్తాయి. ఆగమని చెప్పే షరతు లేని లూప్ సర్వర్‌ను నింపేసినట్టు. ఇది ముదిరితే మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్. ముదరకుండా నిశ్శబ్దంగా ఉండే తొలి దశ ఇంకా ఎక్కువమందిలో ఉంటుంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఓల్మ్‌స్టెడ్ కౌంటీలో 50 ఏళ్లు దాటినవాళ్లను పరీక్షించి 2006లో ప్రకటించిన లెక్క ప్రకారం, వాళ్లలో 3.2 శాతం మందికి ఆ తొలి దశ కనిపించింది. అలాంటివాళ్లలో ఏడాదికి సుమారు ఒక శాతం మందికే అది మైలోమా లాంటి జబ్బుగా మారుతుంది. కాబట్టి కంగారు పడక్కర్లేదు, కానీ కనిపెట్టి ఉండాలి.

ఇప్పుడు కొవ్వు బండి దగ్గరికి వద్దాం. యాంటీబాడీ మూడు చోట్ల అడ్డుపడగలదు.

మొదటి చోటు బండి మీదే. యాంటీబాడీ వచ్చి లైపోప్రొటీన్‌కు అతుక్కుంటుంది. చిరునామా చీటీ మీద స్టిక్కరు అంటించినట్టు. కాలేయం దగ్గర బండిని లోపలికి తీసుకునే రిసెప్టర్లు దాన్ని గుర్తుపట్టలేవు. బండ్లు తిరుగుతూనే ఉంటాయి. ఈ జబ్బుకు 1965లోనే ఫ్రాన్స్‌లో బోమాన్ అనే వైద్యుడు ఒక కొత్త కోవ కట్టాడు. ఇలా యాంటీబాడీ అతుక్కున్న బండ్లను చెత్త ఏరే కణాలు మింగి, కొవ్వుతో ఉబ్బి, చర్మం కింద పేరుకుంటాయి. కనురెప్పల మీద, మోచేతుల దగ్గర, అరచేతి గీతల్లో పసుపు పచ్చని మచ్చలు కనిపిస్తాయి. చాలామంది వీటిని చర్మం సమస్య అనుకుని ఆయింట్‌మెంట్ రాస్తుంటారు. మైలోమా వచ్చిన ప్రతివారికీ కొవ్వు పెరుగుతుందనీ కాదు. ఎక్కువమందిలో కొలెస్టరాల్ తగ్గుతుంది కూడా. ఆ ఒక్క రకం యాంటీబాడీ దేన్ని పట్టుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది అంతా.

రెండో చోటు ఎంజైము. 1989లో జపాన్ వైద్యులు ఎల్‌పీఎల్‌నే పట్టుకునే యాంటీబాడీ ఉన్న రోగి గురించి రాశారు. హమాలీ చేతులు కట్టేసినట్టు.

మూడో చోటు వాచ్‌మన్. 2017లో అమెరికా, జపాన్ పరిశోధకులు కలిసి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆరుగురు రోగుల సంగతి ప్రకటించారు. ఆరుగురికీ ట్రైగ్లిజరైడ్స్ విపరీతంగా పెరిగాయి. కారణం, జీపీఐహెచ్‌బీపీ1ను పట్టుకుని కూర్చున్న యాంటీబాడీలు. ఎల్‌పీఎల్ తయారవుతోంది. కానీ గేటు దగ్గరికి రాలేకపోతోంది.

ఒక పసిబిడ్డ ఇచ్చిన సాక్ష్యం

ఆ ఆరుగురిలో ఒకావిడ గర్భవతి అయి బిడ్డను కన్నది. ఆ బిడ్డ రక్తంలోనూ కొవ్వు విపరీతంగా కనిపించింది. పుట్టీ పుట్టని పసికందు ఏం బజ్జీలు తిన్నదని?

జన్యువుల వల్ల వచ్చిన జబ్బే అయితే అది బిడ్డకు జీవితాంతం ఉండాలి. కానీ ఆ బిడ్డకు తర్వాత తగ్గిపోయింది. తల్లి రక్తంలోని ఐజీజీ రకం యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. ఇది ప్రకృతి చేసిన మంచి ఏర్పాటే. మొదటి నెలల్లో బిడ్డను క్రిముల నుంచి కాపాడేది అదే. ఈ తల్లి విషయంలో మంచి యాంటీబాడీలతో పాటు దారి తప్పినవి కూడా వెళ్లాయి. ఐజీజీ సుమారు మూడు వారాలకోసారి సగానికి సగం తరుగుతూ పోతుంది. బిడ్డ సొంతంగా ఆ చెడు యాంటీబాడీని తయారు చేయడం లేదు. అందుకే తల్లి ఇచ్చిన నిల్వ అయిపోయాక గేటు తెరుచుకుంది.

మా భాషలో చెప్పాలంటే, ఒక సర్వర్‌లో ఉన్న తప్పుడు ఫైలును ఇంకో సర్వర్‌లో పెడితే అదీ ఆగిపోయింది, తీసేస్తే మళ్లీ నడిచింది. నేరం ఆ ఫైలుదే అని తేల్చడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి?

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఆ రోగుల్లో ఇద్దరికి రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తే కొవ్వు దిగివచ్చింది. ఆ తర్వాత రిటుక్సిమాబ్ అనే మందుతో తగ్గిన కేసు కూడా నమోదైంది. ఆ మందు కొవ్వును తాకదు. యాంటీబాడీల ఉత్పత్తికి మూలమైన బి కణాలను తగ్గిస్తుంది.

కారణం తెలియకపోతే నష్టం ఏమిటి?

ట్రైగ్లిజరైడ్స్ వెయ్యి దాటితే క్లోమగ్రంథి వాచే ప్రమాదం పెరుగుతుంది. దాన్నే పాంక్రియాటైటిస్ అంటారు. పై కడుపులో మొదలై వీపులోకి పాకే భరించలేని నొప్పి, ఆగని వాంతులు. అది గ్యాస్ నొప్పి కాదు, సోడా తాగి పడుకుంటే పోదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి.

ఇలాంటివాళ్లకు మామూలు మందులు అంతగా పనిచేయకపోవచ్చు. ఫైబ్రేట్ రకం మందులు చేసే పనుల్లో ఒకటి ఎల్‌పీఎల్ ఎక్కువ తయారయ్యేలా చూడటం. వాచ్‌మన్‌ను కట్టేసి ఉంచినప్పుడు హమాలీలను ఇంకో పదిమందిని పెట్టుకుంటే ఏం లాభం? మైలోమా వల్ల అయితే, ఆ అదుపు తప్పిన కణాలకు చికిత్స చేస్తే కొవ్వు కూడా తగ్గుముఖం పడుతుంది. వెతక్కపోతే జరిగే అసలు నష్టం, మైలోమా ఎముకలనీ కిడ్నీలనీ తినేస్తుంటే మనం ఇంట్లో నూనె చెంచాలు లెక్కపెడుతూ కూర్చోవడం.

అలాగని పథ్యం వద్దని కాదు. కారణం తేలేవరకూ ఇలాంటివాళ్లు కొవ్వు బాగా తగ్గించాల్సిందే. బండ్లు ఆగిపోయిన రోడ్డు మీదికి కొత్త బండ్లు వదలకూడదు కదా. కొందరికి ఎంసీటీ అనే ప్రత్యేక నూనె ఇస్తారు. అది కైలోమైక్రాన్ బండి ఎక్కకుండా నేరుగా కాలేయానికి చేరుతుంది. ‘అయితే కొబ్బరినూనె తాగితే సరి’ అనే వాట్సాప్ సలహాను మాత్రం నమ్మకండి. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లంలో పెద్ద భాగం ఆ బండే ఎక్కుతుంది.

రిపోర్టు కూడా అబద్ధమాడుతుంది

ఇంజినీర్లకు నచ్చే భాగం ఇది. పాలలాంటి సీరం మెషీన్లనే మోసం చేస్తుంది.

మీ రిపోర్టులోని ఎల్‌డీఎల్ అంకె చాలాచోట్ల కొలిచింది కాదు, లెక్కగట్టింది. మొత్తం కొలెస్టరాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతును కూడా తీసేస్తే వచ్చేది. 1972లో ఫ్రైడ్‌వాల్డ్ ఇచ్చిన సూత్రం అది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ సూత్రం చెల్లదు. మరి 1200 ఉన్న రిపోర్టులో ఎల్‌డీఎల్ చక్కగా ఉందని సంతోషించడంలో అర్థం లేదు.

సోడియం కూడా అంతే. చాలా మెషీన్లు సీరంను ముందు పలచన చేసి కొలుస్తాయి. సీరంలో కొవ్వో, అదనపు ప్రొటీనో చోటు ఆక్రమిస్తే నీటి వాటా తగ్గి, సోడియం లేనిపోని తక్కువగా కనిపిస్తుంది. పలచన చేయకుండా నేరుగా కొలిచే మెషీన్‌లో పెడితే అసలు అంకె బయటపడుతుంది. మైలోమా లాంటి జబ్బుల్లో అదనపు ప్రొటీన్ వల్ల హెచ్‌డీఎల్ కూడా దాదాపు లేనట్టు చూపించిన సందర్భాలున్నాయి. అంకె నమ్మశక్యంగా లేనప్పుడు మనిషికి మందు వేసేముందు మెషీన్‌ను ప్రశ్నించాలి. మంచి ల్యాబుల్లో సీరం పాలలా ఉంటే రిపోర్టు కింద ఆ మాట రాస్తారు. ఆ చిన్న అక్షరాల వరసను చదవండి.

ఎవరు అనుమానించాలి?

మన దేశంలో ట్రైగ్లిజరైడ్స్ పెరగడం అరుదేమీ కాదు. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2014లో ఇచ్చిన లెక్క ప్రకారం 29.5 శాతం మందికి అవి ఎక్కువ. వాళ్లలో అత్యధికుల కారణాలు మనకు తెలిసినవే. అదుపులో లేని షుగర్, మద్యం, ఊబకాయం, థైరాయిడ్ తగ్గడం, కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్ల వంటి మందులు, వంశపారంపర్యం. ముందు వెతకాల్సింది వీటినే. రిపోర్టులో 220 చూసి ‘నాకు యాంటీబాడీల జబ్బు’ అనుకోవద్దు.

అనుమానం రావాల్సిన సందర్భాలు వేరు. ఏళ్ల తరబడి మామూలుగా ఉన్న అంకె పెద్ద వయసులో ఉన్నట్టుండి వేలల్లోకి దూకడం. షుగర్, మందు అలవాటు లేకుండానే అలా జరగడం. పథ్యం నిజంగా పాటిస్తున్నా, మందులు వేసుకుంటున్నా కదలకపోవడం. లేదా ఏ కారణం కనబడకుండా ఒకసారి వేలల్లో, ఒకసారి వందల్లో ఊగిసలాడటం. లూపస్ లాంటి జబ్బు ముందే ఉండటం. అరచేతి గీతల్లో పసుపు. వీటితో పాటు తగ్గని రక్తహీనత, నడుము ఎముకల నొప్పి, పెరుగుతున్న క్రియాటినిన్ ఉంటే ఆలస్యం చేయకూడదు.

ఒక క్లూ మీ దగ్గరే ఉంది. మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో లివర్ పరీక్షల పేజీ తీయండి. టోటల్ ప్రొటీన్, ఆల్బుమిన్, గ్లోబులిన్ అని మూడు వరసలుంటాయి. మొత్తం ప్రొటీన్‌లోంచి ఆల్బుమిన్‌ను తీసేస్తే మిగిలేది గ్లోబులిన్. యాంటీబాడీలు ఉండేది అందులోనే. సాధారణంగా అది డెసిలీటరుకు 2 నుంచి 3.5 గ్రాముల మధ్య ఉంటుంది. బాగా ఎక్కువుంటే సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫొరెసిస్ అవసరమా అని డాక్టరుగారిని అడగండి. ఇన్‌ఫెక్షన్ల వల్ల, కాలేయ జబ్బుల వల్ల పెరిగితే ఆ గ్రాఫు వెడల్పాటి గుట్టలా వస్తుంది. ఒకే కణం సంతానం వల్ల అయితే ఒంటరి తాటిచెట్టులా నిటారుగా లేస్తుంది. ఈ పరీక్ష మన ఊళ్లలో పెద్ద ల్యాబుల్లో దొరుకుతుంది. జీపీఐహెచ్‌బీపీ1 యాంటీబాడీ పరీక్ష మాత్రం అన్నిచోట్లా దొరికేది కాదు. అది అవసరమో కాదో ఎండోక్రైనాలజిస్టో లిపిడ్ నిపుణులో చెప్పాలి. గ్లోబులిన్ మామూలుగా ఉందని ఈ రెండో రకం లేదని చెప్పలేం, అది కూడా గుర్తుంచుకోండి.

చివరగా రెండు మాటలు. ఇంట్లో ఎవరి రిపోర్టు అయినా చెడితే ముందు ప్లేటు వంక చూడటం మనకు అలవాటు. పథ్యం చేస్తున్న మనిషి ‘నేను తినలేదు’ అంటే ఒక్కసారి నమ్మి చూడండి. నమ్మితే పోయేదేమీ లేదు, నమ్మకపోతే కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

రెండోది, పాత రిపోర్టులు పారేయకండి. తేదీ వేసి ఒకే ఫోల్డరులో పెట్టుకోండి, కాగితమైనా ఫోన్‌లోనైనా. ఈ రోజు అంకె ఎంతో ఏ డాక్టరుగారైనా చూసి చెప్పగలరు. అది ఎప్పుడు మారిందో చెప్పగలిగేది మీ పాత కాగితాలే.